మార్చి ఆఖర్లో నేలపట్టు వెళ్తే పక్షులు కనిపిస్తాయా?

పెరంబూర్ కోడలు

నమస్కారమండీ. మేం చెన్నైలో ఉంటాం. మా అత్తగారి పుట్టిల్లు నాయుడుపేట దగ్గర. చిన్నప్పుడు నేలపట్టు చెరువులో చూసిన గూడబాతుల (పెలికాన్ల) గురించి మావాడికి తెగ చెప్తుంటారు. జనవరిలో వెళ్దామంటే ఫ్లెమింగో ఫెస్టివల్ రద్దీలో పెద్దావిడతో కష్టమని మావారు వాయిదా వేశారు. ఇప్పుడు పిల్లాడి పరీక్షలయ్యేసరికి మార్చి ఆఖరు వచ్చేస్తుంది. అప్పటికి పక్షులుంటాయా, వెళ్లిపోతాయా? అత్తగారికి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేరు. పొద్దున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరాలి. వీలైతే పులికాట్ సరస్సు కూడా చూడాలని ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

వీకెండ్ బైకర్

సైబీరియా పక్షులన్నీ ఫిబ్రవరికే తట్టాబుట్టా సర్దేస్తాయండీ. మార్చిలో వెళ్తే ఎండ తప్ప ఏమీ ఉండదు. పెట్రోలు దండగ. డిసెంబర్‌లో ప్లాన్ చేసుకోండి.

సత్రం రైతు

బైకర్ తమ్ముడూ, అన్నిటినీ ఒకే గాటన కట్టబాక. మాది దొరవారిసత్రం మండలమే, మా పొలానికి పారేది ఆ చెరువు నీళ్లే. అందుకని కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిగ్గా చదువుకోండి.

ఉత్తరాది చలి దేశాల నుంచి వచ్చేవి లేకపోలేదు. సూదితోక బాతులు, తెడ్డుమూతి బాతులు, బురదలో ముక్కు పెట్టి కెలికే ఉల్లంకి జాతులు. మార్చి వచ్చేసరికి అవి పలచబడే మాట నిజమే. గూడబాతు సంగతి వేరు. పుస్తకాల్లో స్పాట్ బిల్డ్ పెలికాన్ అంటారే, అది మన దక్షిణాసియా, ఆగ్నేయాసియాల పక్షి. టూరిస్టు బస్సు దిగిన ప్రతివాళ్లూ "అబ్బ, సైబీరియా నుంచి ఎంత దూరం ఎగిరొచ్చాయో" అంటారు. వినీ వినీ నాకు విసుగు పుట్టింది. సైబీరియా బాతు ఇక్కడికొచ్చి తింటుంది, ఒంటికి కొవ్వు పట్టించుకుంటుంది, వెళ్లిపోతుంది. ఒక్క గుడ్డు పెట్టదు. గూడబాతు ఇక్కడే గూడు కడుతుంది, ఇక్కడే పిల్లల్ని లేపుతుంది. పురుడు పోసుకునే చోటు పుట్టిల్లు కాక ఇంకేమవుతుంది? చెరువులో నీళ్లు తగ్గితే వేరే చెరువుకి పోతుంది, అంతే.

ఇప్పుడు మీ ప్రశ్నకొస్తా అమ్మా. ఈశాన్య రుతుపవనాలకి చెరువు నిండినాక, అక్టోబర్, నవంబర్లలో ఇవి దిగుతాయి. చెరువులో నీటి కడప చెట్లుంటాయి, నెలల తరబడి మొదలు నీళ్లలో మునిగున్నా చావవు. వాటి కొమ్మల మీద పుల్లలు పేర్చి గూళ్లు పెడతాయి. కింద నీళ్లుంటే నక్క గానీ కుక్క గానీ చెట్టు కాడికి రాలేదు, ఆ ధీమాతోనే. రెండో మూడో గుడ్లు, నెల రోజుల పొదుగుడు, ఆ పైన పిల్ల ఎగిరేదానికి ఇంకో మూడు నెలలకి తక్కువ పట్టదు. డిసెంబర్‌లో పెట్టిన గుడ్డు లెక్కేసుకోండి. మార్చి ఆఖరుకి పిల్ల గూట్లోనే ఉంటుంది, సైజులో మాత్రం తల్లికి దగ్గర పడి ఉంటుంది. అసలు చూడాల్సింది అప్పుడే. డిసెంబర్‌లో పోతే గూట్లో కదలకుండా కూర్చున్న పెద్ద పక్షి కనబడుతుంది, ఫోటో బాగుంటుంది, అంతకుమించి జరిగేదేం లేదు.

తల్లి పులికాట్ వైపు నుంచి చేపలు మింగి వస్తుంది. అది కొమ్మ మీద వాలీ వాలకముందే పిల్ల మీద పడుతుంది. తల్లి ముక్కు తెరిస్తే పిల్ల తలకాయ మొత్తం లోపలికి, గొంతు దాకా దూర్చేస్తుంది. బయట దాని ఒళ్లు, కొట్టుకునే రెక్కలు మాత్రమే కనిపిస్తాయి. తల్లి తూలిపోతూ నిలదొక్కుకుంటుంది. మీవాడు దీన్ని చూస్తే కదిలి రాడు. ఇంకోటి, పదకొండు దాటినాక ఎండ ముదురుతుంది కదా, అప్పుడు ప్రతి గూట్లోనూ గూడబాతు ముక్కు కాస్త తెరిచి కింది సంచిని గబగబా వణికిస్తుంది. వాటికి చెమట పట్టదు, ఒంట్లో వేడి దించుకునే పద్ధతి అది. నత్తగుల్ల కొంగలైతే సొంత కాళ్ల మీదే రెట్ట వేసుకుంటాయి, తడి ఆరేకొద్దీ చల్లదనం. అసహ్యించుకోబాకండి, పనిచేసే ఉపాయమే.

రెట్ట అన్నాను కాబట్టి ఆ మాటా చెప్తా. 1976లో దీన్ని అభయారణ్యం చేశారు, 458 హెక్టార్ల పైచిలుకు. మా ఊళ్లవాళ్లు వీటి జోలికి పోకపోవడానికి భక్తి ఒక్కటే కారణం అనుకోబాకండి. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి పారితే అదే ఎరువు. మా నాయన యూరియా బస్తా విప్పేముందు చెరువు వైపు ఒకసారి చూసేవాడు, ఈ ఏడు పక్షులు ఏ మాత్రం దిగాయా అని.

పొద్దున తొమ్మిది లోపు వచ్చేయండి. పెద్దావిడ టవర్ ఎక్కాల్సిన పని లేదు, కట్ట మీద నుంచే గూళ్లు కనిపిస్తాయి. నెత్తికి టోపీ గానీ తుండుగుడ్డ గానీ పెట్టుకోండి, పైనుంచి పడేదానికి ఇక్కడ ఎవరూ పూచీ ఉండరు. చేపల నీచు గుప్పుమంటుంది, మీకు పడకపోతే ముక్కుకి గుడ్డ. వానలు సరిగా పడని ఏడు మాత్రం నేను చెప్పిందంతా తారుమారు. చెరువు సగం నిండితే గూళ్లూ సగమే.

కెమెరా సంచి

రైతుగారు నేలపట్టు చెప్పేశారు, నేను పులికాట్ చెప్తా. పొద్దున నేలపట్టు, సాయంత్రం పులికాట్, ఈ వరస మార్చకండి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచి తూర్పుకి పోతుంది. పొద్దున పోతే సూర్యుడు ఎదురుగా ఉండి పక్షులన్నీ నల్ల బొమ్మల్లా కనిపిస్తాయి. నాలుగు దాటాక వెలుగు మన వీపు వైపు నుంచి వస్తుంది. అటకానితిప్ప దాకా నెమ్మదిగా పోనిచ్చి, నీళ్లున్న చోట పక్కకి ఆపుకుంటే మీ అత్తగారు కారు దిగకుండానే చూడొచ్చు.

ఫ్లెమింగోలు, అంటే ఇక్కడివాళ్లు సముద్రపు రామచిలకలనేవి, మార్చిలోనూ ఉంటాయి. కాకపోతే ఉత్తరపు వైపు నీళ్లు ఎండేకొద్దీ తమిళనాడు వైపు జరుగుతుంటాయి, కాబట్టి రోడ్డుకి ఎంత దగ్గర అన్నది ఆ ఏటి నీళ్లను బట్టి. బైనాక్యులర్ ఉంటే ఒక్క పక్షినే కాసేపు గమనించండి. కాళ్లతో బురద తొక్కుతూ తిరుగుతుంది, తలను తలకిందులుగా నీళ్లలో ముంచుతుంది, నాలుకతో నీళ్లు లోపలికి లాగి బయటికి నెడుతుంది. సన్న రొయ్యలు, నాచు లోపల చిక్కుకుంటాయి. ఆ తిండిలోంచే దానికి గులాబీ రంగు. బూడిద రంగులో ఉన్నవి కనిపిస్తే అవి వేరే జాతి కాదు, వాటిలోనే వయసు తక్కువవి.

వలస పక్షులన్నీ వెళ్లిపోయాయనే బైకర్‌గారికి ఒక మాట. డిసెంబర్‌లో మట్టిరంగులో ఉండే గాడ్విట్లు (పొడుగు ముక్కు వలస పక్షులు) మార్చి, ఏప్రిల్ నాటికి మెడా రొమ్మూ ఇటుక ఎరుపులోకి తిరుగుతాయి. అక్కడికెళ్లి జత కట్టడానికి ఇక్కడే ముస్తాబు మొదలుపెడతాయన్నమాట. ప్రయాణం కట్టేలోపు చూసినవాళ్లది అదృష్టం.

బురద మీదకి మాత్రం దిగకండి. పైకి ఎండిపోయి పగుళ్లిచ్చినట్టుంటుంది, అడుగేస్తే పిక్కల దాకా దిగబడుతుంది. డ్రోన్ ఊసే వద్దు, అభయారణ్యం, పైగా పక్కనే రాకెట్ కేంద్రం.

పెరంబూర్ కోడలు

అందరికీ థాంక్సండీ. రైతుగారి పోస్టు అత్తగారికి చదివి వినిపించాను. "యూరియా మాట నిజమే, మా నాయనా అంతే" అని మొదలుపెట్టి గంటసేపు ఆపలేదు. రెండు సందేహాలు. కారు లేకుండా రైల్లో వస్తే కుదురుతుందా? అక్కడ దేవాంగపిల్లి (స్లెండర్ లోరిస్, పెద్ద కళ్ల చిన్న జంతువు) కూడా ఉంటుందని అత్తగారు అంటున్నారు, మావాడు అది చూడాల్సిందేనని కూర్చున్నాడు.

సత్రం రైతు

పెద్దమ్మకి నమస్కారాలు చెప్పండి అమ్మా. దేవాంగపిల్లి ఉండేది చెరువు పక్కన చిట్టడివిలో. పగలంతా ముడుచుకుని నిద్రపోతుంది, రాత్రే తిరుగుతుంది. మీరు పగలొచ్చి పోతారు కాబట్టి బాబుకి ముందే చెప్పి తీసుకురండి, ఇక్కడికొచ్చినాక ఏడిస్తే మీకే కష్టం.

రైల్లో అయితే చెన్నై నుంచి లోకల్ ఎక్కి సూళ్లూరుపేటలో దిగండి. అక్కడి నుంచి రెండు చోట్లకీ కలిపి రోజంతటికీ ఒకే బండి మాట్లాడుకోండి. విడివిడిగా ఆటోలు ఎక్కితే డబ్బులూ ఎక్కువ, మోకాళ్లకీ ఎక్కువ. మధ్యాహ్నం భోజనం సూళ్లూరుపేటలోనే కానివ్వండి, నేలపట్టులో హోటళ్లు లేవు. ఆ రోజు రాకెట్ ప్రయోగం ఉందేమో మాత్రం బయల్దేరేముందు చూసుకోండి. ఉంటే శ్రీహరికోట రోడ్డు మీద పోలీసులు ఆపుతారు, సాయంత్రం ప్లాన్ మొత్తం చెడుతుంది.