బోటుకు ట్రాన్స్‌పాండర్ పెట్టించినవాళ్లు కాస్త చెప్పండి

మాది ప్రకాశం జిల్లా కొత్తపట్నం దగ్గర పల్లె. మా అన్నయ్య ఫైబర్ బోటుకు మత్స్య సంపద యోజన కింద ట్రాన్స్‌పాండర్ (ఉపగ్రహంతో సందేశాలు పంపే, అందుకునే పరికరం) ఉచితంగా పెడతామంటున్నారు. ఫోన్ సిగ్నల్ అందనంత లోపలికి వెళ్లినా ఉపగ్రహం ద్వారా తుపాను హెచ్చరిక వస్తుంది, ఆపదలో బటన్ నొక్కితే ఒడ్డుకు తెలుస్తుంది. నాకు ఆ ఒక్కటీ చాలు. అన్నయ్యకేమో, బోటు ఎక్కడుందో కూడా అది పంపుతుంది కాబట్టి వల వేసే చోటు అందరికీ తెలిసిపోతుందని టెన్షన్. ఆ వివరాలు ఎవరెవరు చూడగలరు? వల లాగేటప్పుడు తాడు తగలకుండా దాన్ని ఎక్కడ బిగించారు?

ఇంకో ముఖ్యమైన సంగతి. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్లలోపు మరబోట్లు వేటాడకూడదు. అయినా సోనాబోట్లు (పెద్ద మరబోట్లు) వచ్చి మా వలలు తెంచుకుపోతున్నాయి. ట్రాన్స్‌పాండర్ రికార్డు చూపించి నష్టపరిహారం పొందినవాళ్లు జువ్వలదిన్నె వైపు ఎవరైనా ఉన్నారా? ముందు ఎవరిని కలవాలి?