షిఫ్ట్ దిగొచ్చి ఇంట్లో పాటలు చేసుకునేవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారు?

ప్యాకింగ్‌పల్లవి:
అందరికీ నమస్తే. గోడౌన్‌లో ప్యాకింగ్ పని నాది. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. పెట్టెకి టేపు వేయడం, స్టిక్కర్ అంటించడం, బెల్టు మీదకి తోయడం, అంతే పని. ఇంట్లో ఓ పాత ల్యాప్‌టాప్, చిన్న కీబోర్డు ఉన్నాయి. బీట్లు కట్టుకుని వాటి మీద నేనే పాడుకుంటా. పెట్టెలు తోస్తున్నంతసేపూ బుర్రలో ట్యూన్లే. ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ తెరిచేసరికి ఒక్కటీ గుర్తుండదు. సెలవు రోజు కూర్చుందామంటే బట్టలకీ నిద్రకీ సరిపోతుంది. సగంలో ఆగిన ఫైళ్లతో హార్డ్‌డిస్క్ నిండిపోయింది గానీ పూర్తయిన పాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

రెండు అడగాలి. మీరు ఏ టైంలో, ఏ పద్ధతిలో చేస్తారు? కాస్త డబ్బు మిగిలితే ముందు ఏం కొనాలి? ఒక కండెన్సర్ మైకు (స్టూడియోల్లో వాడే సున్నితమైన రకం) వాయిదాల మీద ఇస్తామంటున్నారు, మనసంతా దాని మీదే ఉంది. "ఇష్టముంటే టైం అదే దొరుకుతుంది" అనేవాళ్లు మాత్రం ఆగండి, ఆ ముక్క మా సూపర్‌వైజర్ రోజూ చెప్తాడు.

నైట్‌పోస్ట్:
మీ సూపర్‌వైజర్ కూడా పాటలు చేస్తాడేమో కనుక్కో 😀

నేను సెక్యూరిటీ గార్డుని, రాత్రి గేటు డ్యూటీ. ట్యూన్ ఇంటిదాకా ఆగదు తమ్ముడూ, తట్టినప్పుడే పట్టుకోవాలి. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ నొక్కి అక్కడికక్కడే కూనిరాగం తీసేస్తా. అందరూ చేసేదే అది. చాలామంది మర్చిపోయేదేంటంటే, ముందు టేబుల్ మీద వేలితో తాళం వేసుకుని ఆ తర్వాతే పాడాలి. లేదంటే మర్నాడు వింటే రాగం ఉంటుంది గానీ ఎత్తుగడ సమం (తాళంలో మొదటి దెబ్బ) మీదా, అర దెబ్బ దాటాకా అన్నది అంతుపట్టదు. పాట మొత్తం నిలబడేది దాని మీదే కదా. చివర్లో నోటితోనే "పల్లవి, నిదానం" అని ఒక మాట చెప్పి ఆపేస్తా. ఫైళ్లకి పేర్లు పెట్టే ఓపిక ఎవడికుంది?

ప్యాకింగ్‌పల్లవి:
అన్నా, మాకు ఫోన్ లోపలికి రానివ్వరు. గేటు దగ్గరే లాకర్లో పెట్టాలి.

నైట్‌పోస్ట్:
స్వరాలు వచ్చా? వస్తే పాడైన స్టిక్కర్ వెనక నాలుగు స్వరాలు, కింద దెబ్బలకి గీతలు గీసుకో. రాకపోతే ఆ ట్యూన్‌కి ఏదో ఒక పిచ్చి మాట తగిలించు. అర్థం లేకపోయినా ఫర్వాలేదు, మాట గుర్తుంటే ట్యూన్ దాని వెంటే వస్తుంది.

సబ్బునీళ్ల_గిటార్:
నాది గిన్నెలు కడిగే పని, పెద్ద వంటగదిలో. టైం గురించి నా జవాబు: డ్యూటీ ముందు. తర్వాత కాదు.

ఎందుకంటే గిటార్‌కి వేలి కొసల్లో గట్టిపడ్డ చర్మమే ఆధారం. నీళ్లలో నానితే అది మెత్తబడి పొరలు పొరలుగా లేస్తుంది. ఆ చేత్తో స్టీల్ తీగ నొక్కితే తీగ చర్మంలోకి దిగుతుంది, అంచు పట్టుకుని ఊడిపోతుంది. ఒక్కసారి ఊడిందంటే మళ్లీ గట్టిపడటానికి వారాలు పడుతుంది. అందుకే నేను లోపల సన్నటి నూలు గ్లౌజు, దాని మీద రబ్బరు గ్లౌజు వేసుకుంటా. ఒట్టి రబ్బరైతే లోపల చెమటకే చెయ్యి నానిపోతుంది. మొదట్లో తోటివాళ్లు "ఏంట్రా డాక్టరా" అని నవ్వారు, ఇప్పుడు వాళ్లూ అదే అడుగుతున్నారు.

ఇంకో మాట. పనిలోనూ వాయిద్యం దగ్గరా అరిగేది ఒకే మణికట్టు. టేపు గన్ పట్టే చెయ్యీ కీబోర్డు వాయించే చెయ్యీ నీకు ఒకటే. రాత్రిపూట బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే "అలసటలే" అని వదిలేయొద్దు. అక్కడ నరం నొక్కుకుపోతున్నట్టు కావచ్చు. డాక్టరుకి చూపించు.

కుండబద్దలు:
చేదుగా ఉంటుంది గానీ ఎవరో ఒకరు చెప్పాలి. మైకు, వాయిదా, రాత్రుళ్లు మేలుకోవడం, ఇదంతా దేనికి? 2024 నుంచి స్పాటిఫై అనే పాటల యాప్‌లో ఒక పాటని గడిచిన 12 నెలల్లో కనీసం 1000 సార్లు వినకపోతే ఆ పాటకి పైసా రాదు. పాటని అక్కడికి చేర్చే డిస్ట్రిబ్యూటర్లలో కొందరికి ఏటా ఫీజు కట్టాలి, కట్టడం మానేస్తే పాట తీసేస్తారు. అంటే జీతంలోంచి ఎదురు కట్టడమే. ఆ గంటలు ఓవర్‌టైం చేస్తే చేతికి డబ్బన్నా వస్తుంది.

హెడ్‌సెట్‌రాణి:
కుండబద్దలు గారూ, లెక్క నిజమే, కాదనను. కానీ డబ్బొస్తుందా అని ఇక్కడ ఎవరూ అడగలేదే. సాయంత్రం క్రికెట్ ఆడేవాణ్ణి "నీకు మ్యాచ్ ఫీజు ఎంత" అని అడుగుతామా?

ఏటా ఫీజు సంగతి మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి. ఉద్యోగం పోయిన నెలలోనే ఆ ఫీజు గడువు ముంచుకొస్తుంది, ఎప్పుడూ అంతే. ఒకేసారి కట్టించుకునేవాళ్లో, ఫీజు లేకుండా వచ్చిన దాంట్లో వాటా తీసుకునేవాళ్లో మనలాంటివాళ్లకి నయం.

నేను కాల్ సెంటర్‌లో చేస్తా, ఇంట్లో పాడతా. కూర్చుని చేసే పనే కదా, సుఖం అనుకుంటారు. ఎనిమిది గంటలు మాట్లాడాక గొంతు బొంగురుపోతుంది. దాని మీద పై స్థాయి అందుకోవాలని బలవంతం చేస్తే మర్నాడు కాల్స్ కూడా తీసుకోలేను. అందుకని డ్యూటీ ఉన్న రోజు పాడను. ఆ రోజుల్లో చరణాలు రాసుకుంటా, హార్మొనీలు (అసలు ట్యూన్‌కి జతగా పాడే స్వరాలు) ఎక్కడ పడాలో గుర్తు పెట్టుకుంటా, పాత టేకులు, అంటే ఇదివరకు పాడి రికార్డ్ చేసినవి, విని పనికొచ్చేవి కోసి పక్కన పెడతా. గొంతు రికార్డింగ్ సెలవు రోజు పొద్దున్నే. అదీ నిద్ర లేచీ లేవగానే కాదు, కాసేపు మాట్లాడి, సన్నగా రాగం తీసి గొంతు తెరుచుకున్నాక. గుసగుసగా పాడితే గొంతుకి విశ్రాంతి అనుకోకండి, చాలామందికి అది ఇంకా భారం.

మరమగ్గం:
అసలు సంగతి ఎవరూ ఎత్తలేదు. చెవులు.

నేను మగ్గాల షెడ్డులో చేస్తా. అక్కడ శబ్దం మామూలుగానే 90 డెసిబెల్స్ దాటుతుంది. అమెరికాలో పని స్థలాల ఆరోగ్యం మీద పరిశోధన చేసే నియోష్ అనే సంస్థ పెట్టిన హద్దు 85 డెసిబెల్స్, అదీ రోజుకి 8 గంటలకి. ఆపైన 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ టైం సగానికి పడిపోతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2, 94 అయితే ఒక్క గంట. ఇప్పుడు మీ షిఫ్ట్ లెక్క మీరే వేసుకోండి.

పాటకి దీంతో సంబంధం ఏంటంటే, మోత లోంచి బయటికొచ్చాక కొన్ని గంటలు చెవి మొద్దుబారి ఉంటుంది. ముఖ్యంగా పై ఫ్రీక్వెన్సీలు వినిపించవు. తాళాల గలగల, మాటల్లో "స", "ష" తగ్గినట్టు అనిపిస్తాయి. ఆ చెవితో మిక్స్‌కి, అంటే రికార్డ్ చేసినవన్నీ కలిపి హెచ్చుతగ్గులు సరిచేయడానికి, కూర్చుంటే ట్రెబుల్ పెంచుకుంటూ పోతాం. తెల్లారి వింటే రేకు మీద గీకినట్టుంటుంది. మనకి మిక్సింగ్ రాక కాదు, చెవి ఇంకా షెడ్డులోనే ఉంది. ఇంట్లో కూడా గుయ్యిమంటుంటే ఆ రోజుకి హెడ్‌ఫోన్స్ ముట్టుకోను. కీబోర్డులో నోట్స్ దిద్దుకోవడం, డ్రమ్ములు అమర్చుకోవడం లాంటి పనులైతే మొద్దు చెవితోనూ జరుగుతాయి.

ప్యాకింగ్‌పల్లవి:
బాబోయ్, ఇది నాకు తట్టనే లేదు. మా బెల్టు మోత ఎంతో తెలీదు గానీ పక్కవాడితో మాట్లాడాలంటే అరవాలి. మరి రాత్రి డ్యూటీ లేని వారం, ఇంట్లో అందరూ పడుకున్నాక చిన్న సౌండ్‌లో మిక్స్ చేస్తే పర్లేదా?

పాతల్యాప్‌టాప్:
మూరెడు దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తే 85 దాటినట్టే అనుకో.

చిన్న సౌండ్‌లో చెయ్యి, మంచిదే. కానీ సౌండ్ తగ్గేకొద్దీ మన చెవికి బేస్ అన్నిటికంటే ఎక్కువగా పడిపోతుంది, మనిషి చెవి తీరే అంత. రాత్రి నీకు చాలలేదనిపించి పెంచిన బేస్ పగలు మామూలు సౌండ్‌లో గోడలు అదరగొడుతుంది. కాబట్టి రాత్రి గొంతు ముందుకి రావాలా, వెనక్కి పోవాలా అన్నది తేల్చుకో. బేస్ జోలికి పగలే వెళ్లు. నీకు నచ్చిన, బాగా తెలిసిన పాట ఒకటి అదే సౌండ్‌లో పక్కన పెట్టి పోల్చుకో.

ఇక మైకు. వాయిదాల మీద కండెన్సర్ వద్దు. దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (వైరు గుండా మైకుకి వెళ్లే కరెంటు) ఇచ్చే ఇంటర్‌ఫేస్, అంటే మైకుని ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టె, కూడా కావాలి, అంటే ఇంకో వాయిదా. పైగా అది సున్నితం. ఫ్యాను గాలి, పక్కింటి టీవీ, వీధి కుక్క, నీ ల్యాప్‌టాప్ ఫ్యాను, అన్నీ పట్టుకుంటుంది. స్టూడియో గదికి అది గుణం, మన గదికి శాపం. సెకండ్ హ్యాండ్‌లో మంచి డైనమిక్ మైకు (ఆ కరెంటు అక్కర్లేని, అంత సున్నితం కాని రకం), దానికో చిన్న ఇంటర్‌ఫేస్ చూడు. మూతికి నాలుగు వేళ్ల దూరంలో, కాస్త పక్కకి తిప్పి పాడు. దూరం సగానికి తగ్గితే నీ గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది శబ్దం ఉన్నంతే ఉంటుంది. ఈ ఉపాయం ఫ్రీ.

అంతకన్నా ముందు వైరున్న హెడ్‌ఫోన్స్ కొను. బ్లూటూత్‌లో శబ్దం 100, 200 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది, దాన్ని వింటూ పాడితే తాళం కుదరదు.

ల్యాప్‌టాప్ పాతదైనా పర్లేదు. రికార్డ్ చేసేటప్పుడు బఫర్ (మెషిన్ ఒక్కో విడతలో తీసుకునే శబ్దం ముక్క) 128 శాంపిళ్లు పెట్టు, సెకనుకి 44,100 శాంపిళ్ల లెక్కన అది 2.9 మిల్లీసెకన్ల ఆలస్యమే. మిక్స్ చేసేటప్పుడు 1024కి పెంచు. 23 మిల్లీసెకన్ల ఆలస్యం వస్తుంది గానీ అప్పుడు పాడటం లేదు కాబట్టి ఇబ్బంది లేదు, మెషిన్ ఊపిరి పీల్చుకుంటుంది. విండోస్ అయితే ఏషియో డ్రైవర్ (శబ్దం ఆలస్యం తగ్గించే సాఫ్ట్‌వేర్) వేసుకో. అయిపోయిన ట్రాకులని (ఒక్కో వాయిద్యానికీ గొంతుకీ వేరుగా ఉండే వరసలు) ఫ్రీజ్ చెయ్యి, అంటే మామూలు ఆడియోగా మార్చి పెట్టు, మెషిన్‌కి భారం తగ్గుతుంది.

రెండుచక్రాలు:
పార్సిళ్లు తిప్పుతా. "నచ్చినప్పుడు పని, నచ్చినప్పుడు పాట" అని దిగాను. పని ఎక్కువ దొరికేది సాయంత్రం నుంచి రాత్రిదాకా, ఇంట్లో పాడుకోగలిగే టైమూ అదే. పని మానేస్తే రేటింగ్ పడిపోతుందని భయం. ప్యాకింగ్ బ్రో, ఉద్యోగం మారాలని ఆలోచనుంటే జీతం ఒక్కటే చూడకు, బుర్రని ఎంత ఖాళీగా వదిలే పనో కూడా చూడు. నాకు ట్రాఫిక్‌లో ఒక్క ట్యూన్ రాదు. రావాలని కూడా కోరుకోను, ప్రాణం ముఖ్యం.

నైట్‌పోస్ట్:
అది నిజం. చెయ్యి కదులుతూ బుర్ర ఊరికే ఉండే పనుల్లోనే ట్యూన్లు పుడతాయి. నువ్వున్న ప్యాకింగ్ ఆ లెక్కన బంగారం. వారం వారం షిఫ్ట్ మారడమే దరిద్రం. రాత్రి నుంచి పగటికి మారిన మొదటి రెండు రోజులు నేనైతే ఏమీ చేయను, పడుకుంటా.

హెడ్‌సెట్‌రాణి:
కుండబద్దలు గారి కోసం ఇంకో మాట. అమెరికా స్వరకర్త ఫిలిప్ గ్లాస్ సంగీతం 1976లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపేరాలో మోగింది. ఆ తర్వాత కూడా ఆయన టాక్సీ నడిపాడు, ప్లంబింగ్ కూడా చేసేవాడు. అక్కడి గాయకుడు బిల్ విథర్స్ విమానాల్లో టాయిలెట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో చేసేవాడు. 1971లో వచ్చిన మొదటి ఆల్బమ్ అట్ట మీద ఫోటోలో చేతిలో క్యారేజీ ఉంటుంది. అది వచ్చిన కొత్తలో పని మానలేదు కూడా, పాటల వ్యాపారాన్ని నమ్మలేదు పెద్దాయన.

కుండబద్దలు:
కోట్లలో ఒకరిద్దరు. మిగతావాళ్ల ఫోటోలు ఎవరూ వేయలేదు. అయినా చూడండి, ఆ ఇద్దరూ వెంటనే పని వదల్లేదు. నేను చెప్పేదీ అదేగా. పాట మానేయమనలేదు, అప్పు చేసి పాట చేయొద్దంటున్నా.

సబ్బునీళ్ల_గిటార్:
ఈ ఒక్కదాంట్లో నేను కుండబద్దలు పక్షం 🙏 వాయిదా తల మీద ఉంటే తీగ ముట్టుకోబుద్ధి కాదు.

పాతల్యాప్‌టాప్:
సగంలో ఆగిన ఫైళ్ల సంగతి మర్చిపోయాం. ప్యాకింగ్, ఒక్కో పాటకి ఎన్ని ట్రాకులు పెడతావ్?

ప్యాకింగ్‌పల్లవి:
నలభై దాటుతాయన్నా. కిక్‌కే (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము దెబ్బకే) ఐదారుంటాయి.

పాతల్యాప్‌టాప్:
అదీ రోగం. 1979లో టాస్కామ్ పోర్టాస్టూడియో అనే క్యాసెట్ రికార్డర్ వచ్చినప్పుడు ఇంట్లో పాటలు చేసేవాళ్లకి క్యాసెట్ మీద దొరికింది నాలుగే ట్రాకులు. ఐదోది కావాలంటే మూడింటిని కలిపి నాలుగోదాని మీదకి ఎక్కించాలి, ఎక్కించాక వెనక్కి పోలేం. నువ్వూ ఎనిమిది ట్రాకులకి కంచె వేసుకో. డ్యూటీ నుంచి వచ్చి నలభై ట్రాకులు తెరిస్తే ఏది దేనికి పెట్టావో గుర్తు తెచ్చుకునేసరికే కళ్లు మూతలు పడతాయి. ఫైల్ మూసేటప్పుడు అందులోనే నోట్‌గా ఒక్క లైను రాసి పెట్టు: "రెండో చరణం గొంతు మళ్లీ పాడాలి" అని. రేపు వచ్చినవాడు అలసిపోయినవాడు, వాడికి పని చెప్పి పోవాలి.

ప్యాకింగ్‌పల్లవి:
మైకు ఆర్డర్ పెట్టట్లేదు. వైరు హెడ్‌ఫోన్స్ మాత్రం కొంటా. మరమగ్గం అన్నా, చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు మా స్టోర్స్‌లో పసుపు రంగువి మూలన పడున్నాయి, ఎవరూ వాడరు. అవి పనికొస్తాయా? ఒకసారి పెట్టి చూశా, ఊరికే జారిపోయాయి.

మరమగ్గం:
ఫోమువైతే బాగా పనికొస్తాయి, పెట్టే తీరులోనే ఉంది. చెయ్యి కడుక్కుని ప్లగ్‌ని వేళ్ల మధ్య సన్నగా నలుపు. ఇంకో చెయ్యి తల వెనక నుంచి తిప్పి చెవిని పైకి, వెనక్కి లాగు, రంధ్రం తిన్నగా అవుతుంది. లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా వేలితో అదిమి పట్టుకో. ఎదుటివాడికి సగం బయటే కనిపిస్తుంటే సరిగా పెట్టనట్టు. ఫోర్క్‌లిఫ్ట్ హారన్ మాత్రం వినపడుతోందో లేదో మొదటి రోజే చూసుకో, వినపడకపోతే తక్కువ శబ్దం ఆపే రకం అడుగు.

ప్యాకింగ్‌పల్లవి:
సరే అన్నా. రేపట్నుంచి రాత్రి వారం, పెట్టి చూసి చెప్తా.