మన బడుల్లో భూమి చరిత్ర విడిగా ఒక పాఠంగా కావాలా, వద్దా?

చంద్రగిరి సైన్సు సారు
చంద్రగిరి దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. పోయిన వారం తొమ్మిదో తరగతి పిల్లలను తిరుమలకు తీసుకెళ్లాను. శిలాతోరణం ముందు అందరూ ఫోటోలు దిగారు. ఇదెలా వచ్చింది అని అడిగితే నలభై మందిలో ఒక్కరూ నోరు విప్పలేదు. 150 కోట్ల ఏళ్ల నాటి తోరణం అని చెబితే కళ్లు పెద్దవి చేసి చూశారు. ఘాట్ రోడ్డులో బస్సు కిటికీలోంచి ఇంకోటి చూపించాను. కింద గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా నగరి క్వార్ట్‌జైటు, అంటే ఇసుక గట్టిపడి అయిన రాయి. ఆ రెండూ కలిసే గీత దగ్గర కోట్లాది ఏళ్ల చరిత్ర రాయిలో లేకుండా పోయింది. దాన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంటారు. భారత భూవైజ్ఞానిక సర్వే సంస్థ ఈ రెండింటినీ జాతీయ భూవైజ్ఞానిక స్మారకాలుగా గుర్తించింది. ఇలాంటి గీతనే స్కాట్లాండులో సిక్కర్ పాయింట్ దగ్గర 1788లో జేమ్స్ హట్టన్ అనే భూవిజ్ఞాని చూపిస్తే భూమి వయసు మీద జనం ఆలోచనే మారిపోయింది. మన పిల్లలు ఆ గీత పక్క నుంచే ఏటా కొండెక్కుతారు, ఒక్కరికీ తెలియదు.

నా ప్రతిపాదన ఇది: ఆరు నుంచి పది దాకా ఏటా ఒక పాఠం, మన జిల్లా రాళ్ల మీద. దానితోపాటు ఒక రోజు బయటికి తీసుకెళ్లడం. మీరేమంటారు?

నగరి అమ్మాయి
మా ఊరి పేరుతో ఒక రాయి ఉందని ఇప్పుడే తెలిసింది. తప్పకుండా పెట్టాలి సార్.

శిలారేఖ
సార్, మంచి పని చేశారు. నేను జియాలజీలో ఎమ్మెస్సీ చేశాను కాబట్టి ఒక్క మాట చెప్పాలి. శిలాతోరణం వయసు 150 కోట్లు కాదు. ఆ రాయి వయసు కోట్లలో ఉంటుంది, తోరణానిది కాదు. ఇసుక పేరుకుని, గట్టిపడి, క్వార్ట్‌జైటుగా మారింది ఆ పాత కాలంలో. ఎండ, వాన, గాలి కలిసి మెత్తటి భాగాన్ని తినేసి కంత చేసింది చాలా తర్వాత. తాత కట్టిన ఇంటికి నిన్న కిటికీ కొట్టించి, కిటికీకీ నూరేళ్లు అంటామా? పిల్లలకు మొదటి రోజే తప్పు చెబితే పాఠం పెట్టి లాభం లేదు.

చంద్రగిరి సైన్సు సారు
మేడం, నేను అడిగింది పాఠం కావాలా వద్దా అని. అంకె సంగతి తర్వాత చూద్దాం.

శిలారేఖ
అంకె సంగతి తర్వాత అంటే ఎలా సార్? ఈ శాస్త్రంలో వయసే సగం. 150 కోట్లు, 160 కోట్లు అని పాత పుస్తకాల్లో ఉన్న లెక్క కూడా కదిలిపోయింది. మన నగరి రాయి కూడా కడప పొరల్లోదే. పులివెందుల దగ్గర ఆ కడప పొరల మధ్యలోకి లావా చొచ్చుకొచ్చి గట్టిపడిన సిల్లు ఉంది. దాని వయసు దాదాపు 189 కోట్ల ఏళ్లని కొలిచారు. అది దూరిన పొరలు అంతకంటే పాతవే కదా. ఇంకోటి, ప్రపంచంలో ఇలాంటి తోరణాలు మూడే ఉన్నాయని కొండ మీద ప్రతివాళ్లూ చెబుతారు. అమెరికాలో యూటాలోని ఆర్చెస్ నేషనల్ పార్కులోనే రెండు వేలకు పైగా ఉన్నాయి. అది కూడా పిల్లలకు చెప్పారా?

అలిపిరి మెట్లదారి
మన కొండను తక్కువ చేయడానికి అమెరికా దాకా వెళ్లాలా అమ్మా? నేను ముప్పై ఏళ్లుగా నెలకోసారి నడిచి కొండెక్కుతున్నాను. ఏడుకొండలు ఆదిశేషుడి పడగలు. ఆ మాట పిల్లలకు ఇంట్లో చెప్పుకుంటాం. కోట్ల ఏళ్ల లెక్క మనకు కొత్తేమీ కాదు, బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల సంవత్సరాలని పెద్దలు ఎప్పుడో చెప్పారు. భూమి వయసు 454 కోట్లని మీరు ఇప్పుడు అంటున్నారు.

శిలారేఖ
తక్కువ చేయడం లేదండి. మూడే ఉన్నాయంటేనే గొప్ప, లేకపోతే కాదు అనుకోవడమే కొండను తక్కువ చేయడం. 432 పక్కన 454 పెడితే సరిపోదు. ఎలా కొలిచారన్నదే పాఠం. రాయిలో ఉండే జిర్కాన్ అనే చిన్న ఖనిజపు గింజలోకి అది పుట్టేటప్పుడు యురేనియం చేరుతుంది, సీసం దాదాపు చేరదు. ఆ యురేనియంలో ఒక రకం సగం సీసంగా మారడానికి 447 కోట్ల ఏళ్లు, ఇంకో రకానికి 70 కోట్ల ఏళ్లు పడుతుంది. ఒకే గింజలో రెండు గడియారాలు. రెండూ ఒకే సమయం చూపిస్తే నమ్ముతాం. భూమి వయసును 1956లో క్లెయిర్ ప్యాటర్సన్ అనే శాస్త్రవేత్త, భూమితోపాటే పుట్టిన ఉల్కల్లోని సీసంతో తేల్చాడు. అందులో ఎవరి నమ్మకం ప్రసక్తీ లేదు.

పలమనేరు రైతు
పాఠం ఎందుకు సార్? పిల్లలకు ఉన్న పాఠాలే చదవలేక చస్తున్నారు. 150 కోట్లు అయితే ఏమి, 189 కోట్లు అయితే ఏమి? పలమనేరులో వెయ్యి అడుగుల బోరు వేసినా నీళ్లు పడటం లేదు. ఈ చదువు దానికి పనికొస్తే చెప్పండి, చేతులెత్తి ఒప్పుకుంటాను.

చంద్రగిరి సైన్సు సారు
అన్నా, అన్ని చదువులనూ నీళ్ల కొలతతో కొలవకూడదు. వేంపల్లె దగ్గర సున్నపురాయి లాంటి డోలమైటు రాళ్లలో స్ట్రొమాటోలైట్లు ఉన్నాయి. కంటికి కనబడని సూక్ష్మజీవులు జిగురు పొరలుగా పెరిగి, వాటి మీద మట్టి పేరుకుని, మళ్లీ పెరిగి, ఉల్లిపాయ పొరల్లా రాయి అయిపోయాయి. ఆ జాతి జీవులే గాలిలోకి ఆక్సిజన్ వదిలాయి. ఇప్పుడు నువ్వూ నేనూ పీల్చే గాలికి మొదలు అది. మన సత్యవేడు రాళ్లలో డైనోసార్ల కాలం నాటి ఆకుల ముద్రలు దొరుకుతాయి. శిలాతోరణం దగ్గరి రాళ్లలో నీటి అలల గుర్తులున్నాయి, ఏటి ఇసుకలో ఇప్పుడు మనం చూసే అలల గీతల్లాంటివే. కొండ మీద నిలబడి ఒకప్పటి నీళ్ల అంచును వేలితో తడమొచ్చు. అది తెలిసిన పిల్లవాడు ఆ తర్వాత రాయిని రాయిగా చూడడు. నేను బతికున్నంత కాలం ఈ మాట అంటూనే ఉంటాను.

మామిడితోట, బంగారుపాళ్యం
సార్ చెప్పింది బాగుంది. కానీ బస్సు ఖర్చు ఎవరిస్తారు?

పలమనేరు రైతు
ఒకప్పటి నీళ్ల అంచు మీకు కొండ మీద కనబడింది సార్. సంతోషం. నా పొలంలో ఇప్పటి నీళ్లు కనబడలేదు.

మూడు బోర్లు వేశాను. మొదటిది టెంకాయతో చూసినాయన పెట్టిన పాయింటు, 450 అడుగులు. రెండోది వేపపుల్ల, 620. రెండూ పోయాయని తిరుపతి నుంచి చదువుకున్నాయన్ని పిలిపించాను, జియాలజిస్టు. మిషన్ పెట్టి, నాలుగు ఇనుప కడ్డీలు నాటి, కాగితం మీద గీతలు గీసి ఇక్కడే వేయమన్నాడు. 780 అడుగులు పోయాం, దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఫీజు ముందే తీసుకున్నాడు. తర్వాత ఫోన్ ఎత్తలేదు. నాలుగు లక్షల అప్పు. రెండు ఆవులు, అర ఎకరం అమ్మాను. మీ చదువు మీద నా మాట ఇది.

శిలారేఖ
మీ నష్టానికి బాధగా ఉంది. కానీ ఒక మనిషి తప్పుకు శాస్త్రాన్ని అనకండి. మీ కింద ఉన్నది 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు, నైసు అనే చారల బండ. ఇసుకరాయిలా దాని ఒంట్లో నీళ్లు నిలవవు. పైన కుళ్లిన పొరలోనూ, కింద పగుళ్లలోనూ మాత్రమే ఉంటాయి. మిషన్ చూపించేది కరెంటు ఎంత సులువుగా పోతోంది అన్నది మాత్రమే. తడి ఉన్నా సులువుగా పోతుంది, బంకమట్టి ఉన్నా పోతుంది. నీళ్లున్నాయని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. అది తెలిసే మీరు వేసుండాలి.

పలమనేరు రైతు
తెలిసే వేసుండాలా? ఎవరు చెప్పారు మాకు? ఆ మాట ఫీజు తీసుకునే ముందు ఆయన చెప్పాడా? మీరైతే చెబుతారా?

అలిపిరి మెట్లదారి
ఇదే నేనూ అంటున్నది. చదువుకున్నవాళ్ల మాట తీరే ఇంత. మా పాప ఎనిమిదో తరగతి. కొండలు ఎలా పుట్టాయని క్లాసులో అడిగితే ఆదిశేషుడు అని చెప్పింది. టీచరు నవ్వాడు, పిల్లలందరినీ నవ్వించాడు. ఆరు నెలలైంది, క్లాసులో చేయి ఎత్తడం మానేసింది. మీరు పెట్టబోయే పాఠం ఇంకా ఎంతమంది పిల్లల నోరు మూయిస్తుందో?

చంద్రగిరి సైన్సు సారు
అది ఘోరమైన తప్పు. నా క్లాసులో అలా జరగదు, జరగనివ్వను. కానీ దానికి మందు పాఠం తీసేయడం కాదు.

అలిపిరి మెట్లదారి
పాఠం తీసేయమని నేను అనలేదు. మా మాట విన్నాక మీ మాట చెప్పండి అంటున్నాను. మొదటి నుంచీ అంతే అంటున్నాను.

శిలారేఖ
పలమనేరు అన్నగారికి. మీరు అడిగింది రాత్రంతా తలలో తిరిగింది. నిజం రాస్తాను. చదువైపోయాక ఉద్యోగం దొరక్క రెండేళ్లు ఒకాయన దగ్గర పాయింట్లు పెట్టే పని చేశాను. రోజుకు మూడు పొలాలు. మిషన్ రీడింగు ఏం చెబుతుంది, ఏం చెప్పదు అన్నది నేను ఏ రైతుకూ కూర్చోబెట్టి చెప్పలేదు. చెబితే ఫీజు ఇవ్వరని ఆ పని ఇచ్చినాయన అనేవాడు, నేనూ ఊరుకున్నాను. బోరు వేసే రోజు వెళ్లి చూసింది కూడా లేదు.

పలమనేరు రైతు
అంటే నాలాంటివాళ్ల పొలాల్లో మీరూ కడ్డీలు నాటారు.

శిలారేఖ
నాటాను. కొన్నిచోట్ల నీళ్లు పడ్డాయి. పడనివి ఎన్నో నాకు తెలియదు, ఎందుకంటే వెనక్కి వెళ్లి అడగలేదు.

పలమనేరు రైతు
మరి ఇక్కడ సారును పట్టుకుని 150 కాదు 189 అని అంత గట్టిగా అడుగుతున్నారే. కోట్ల ఏళ్ల కిందటి లెక్క తప్పితే మీకు నిద్ర పట్టదు. నా పొలంలో లెక్క తప్పితే ఎవరికీ పట్టదు. నాకు చదువు మీద కోపం లేదు మేడం. తెలిసినవాళ్లు మాకు చెప్పకుండా దగ్గర పెట్టుకుని అమ్ముకుంటున్నారు, దాని మీద కోపం.

నిర్వాహకుడు
అందరూ మర్యాదగా రాస్తున్నారు కాబట్టి చర్చను మూయడం లేదు. వ్యక్తుల పేర్లు మాత్రం రాయకండి.

మామిడితోట, బంగారుపాళ్యం
మా నాన్న కూడా ఐదు బోర్లు వేశాడు. ఇంతకంటే ఏమీ రాయలేను.

చంద్రగిరి సైన్సు సారు
నా మొదటి మాటను నేనే ఒకచోట దిద్దుకోవాలి. నేను గీతను చూపించి, చరిత్ర పోయిందని అబ్బురపడి ఆగిపోయాను. ఆ గీత కింద ఉన్న గ్రానైటూ మీ పలమనేరు గ్రానైటూ ఒకే పాత నేలవి అన్న ముక్క పిల్లలకు చెప్పలేదు. గ్రానైటు గట్టిపడేది నేల లోపల కిలోమీటర్ల లోతున. దాని మీద ఇసుక పేరుకోవాలంటే ముందు ఆ పైకప్పంతా అరిగి కొట్టుకుపోవాలి. గీత దగ్గర పోయిన కాలం అంటే అదే. ఇప్పుడు మన నెత్తిన మళ్లీ ఆ అరుగుదలే జరుగుతోంది, ఆ అరిగిన పొరలోనే మన బావుల నీళ్లు నిలిచేవి. పాఠంలో సగం కొండ మీద చెప్పాలి, సగం బోరు బండి దగ్గర చెప్పాలి. అయినా అన్నా, ఆకుల ముద్రలూ అలల గుర్తులూ వద్దంటే మాత్రం నేను ఒప్పుకోను. నీళ్లు పడినా పడకపోయినా అవి పిల్లలకు తెలియాలి.

పలమనేరు రైతు
మీరు ఒప్పుకోవద్దు సార్. నేనూ ఒప్పుకోను. ముందు బోరు బండి, తర్వాత కొండ.

అలిపిరి మెట్లదారి
కొండకు ముందు ఏదీ లేదు. అయినా మా పాపను ఆ బోరు బండి దగ్గరకు పంపమంటే పంపుతాను, సారు పక్కన ఉంటే.

శిలారేఖ
అన్నగారూ, మూడో బోరు వేసేటప్పుడు పైకి వచ్చిన పొడి ఏ రంగులో ఉండేది? గుర్తుందా?

పలమనేరు రైతు
ఎందుకు గుర్తుండదు? ముందు ఎర్రమట్టి. అరవై, డెబ్బై అడుగుల దాకా పసుపు రంగు గరుసు, కొంచెం తేమ తగిలింది. ఆ తర్వాత బూడిద రంగు. ఇంకా కిందికి పోయాక గులాబీ కలిసిన తెలుపు, ముఖానికి పౌడరు రాసుకున్నట్టు బండి మీద, మా మీద, చెట్ల మీద పడింది.

శిలారేఖ
ఆ పసుపు గరుసు కుళ్లిన గ్రానైటు. మీకు నీళ్లకు అవకాశం ఉన్నది ఆ పొరలో, దాని అడుగున ఉండే పగుళ్లలో. గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజానిది, తెలుపులో కొంత క్వార్ట్‌జు అనే ఖనిజం. చెడని కొత్త బండ అది. రంగు ఒక్కదాంతో అంతా తేల్చలేం. కానీ మధ్యలో తుప్పు రంగు పెళ్లలు రాకుండా, తేమ తగలకుండా, ఒకటే రంగు పొడి వందల అడుగులు వస్తూంటే పగుళ్లు లేని బండలో పోతున్నట్టే. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి కాబట్టి అక్కడ బండి ఆపేయమని చెప్పాలి. ఎన్ని అడుగుల నుంచి ఒకటే రంగు వచ్చింది?

పలమనేరు రైతు
నాలుగు వందల నుంచి మేడం. కడదాకా ఒకటే రంగు. అడుగుకు ఇంతని డబ్బులు కడుతూ దాని పక్కనే నిలబడి చూస్తున్నాను.