నాన్నగారి 1969 హెరాల్డ్: బాగు చేయించాలా, వదిలేయాలా?

నమస్కారం అండి. మేము చెన్నై పెరంబూరులో ఉంటాం. ఇక్కడే తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఒకటి మా షెడ్డులో పన్నెండేళ్లుగా కదలకుండా ఉంది. బానెట్ మొత్తం ముందుకు తెరుచుకుంటుంది కదా, నాన్నగారు ముందు టైరు మీద కూర్చుని ఇంజిన్ పని చేసుకునేవారు. ఆయన పోయాక దాన్ని ముట్టుకోవడానికి మనసు రాలేదు.

పోయిన ఆదివారం కవరు తీసి చూశాను. ఇంజిన్ చేత్తో తిప్పితే తిరుగుతోంది. డోర్ల కింద రేకు పొడిపొడిగా రాలిపోతోంది. అది మార్పించుకోవచ్చు. నా భయమంతా చాసిస్ గురించే, అంటే బండి కింద ఉండే ఇనుప చట్రం. ఈ బండికి చాసిస్ వేరు, బాడీ దాని మీద బోల్టులతో కూర్చుంటుంది. చాసిస్ నుంచి పక్కలకు వచ్చే ఇనుప చేతుల్లో రెండుచోట్ల స్క్రూడ్రైవర్ లోపలికి దిగిపోయింది. మధ్య ఫ్రేము మాత్రం సుత్తితో కొడితే ఖంగుమంటోంది.

టింకరింగ్ మేస్త్రి పైనుంచి ప్యాచ్ వేస్తే చాలంటున్నాడు. బాడీ ఎత్తకుండా చేస్తే లోపలి తుప్పు అలాగే ఉంటుందేమోనని నా అనుమానం. మీరేమంటారు?

ఇంకోటి, యాభై ఏళ్లు దాటింది కాబట్టి వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు పెట్టాలనుకుంటున్నాను. చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదని నిబంధన. పాడైన ముక్క కోసి అదే కొలతతో కొత్తది వెల్డింగ్ చేయిస్తే అదీ మార్పు కిందికే వస్తుందా?

పాత బండ్ల సామాన్లు అమ్మే పుదుపేటలో వెతికినా డోర్ రబ్బర్లు దొరకలేదు. హెరాల్డ్ బాగు చేయించిన వాళ్లుంటే మీకైన ఖర్చు కూడా చెప్పండి, దయచేసి.