మ్యాక్‌లో స్క్రిప్ట్ నుంచి యాప్ తెరిస్తే పాస్‌వర్డ్ అడుగుతుంది, కానీ రూట్‌గా రావట్లేదు

అమీర్‌పేట ల్యాబ్:
అందరికీ నమస్కారం. మాది గ్రాఫిక్స్ కోచింగ్ ల్యాబ్, 24 ఐమ్యాక్‌లు. బ్యాచ్ అయిపోయాక స్టూడెంట్ల హోమ్ ఫోల్డర్లలో మిగిలిన ఫైళ్లు తుడిచే యాప్ ఒకటి రాయించుకున్నాం. వేరే యూజర్ల ఫోల్డర్లు కాబట్టి రూట్ (అన్ని హక్కులున్న సిస్టమ్ అకౌంట్) కావాలి. మ్యాక్ సొంత స్క్రిప్ట్ భాష యాపిల్‌స్క్రిప్ట్‌లో, టెర్మినల్ కమాండ్లు నడిపే 'డూ షెల్ స్క్రిప్ట్' లోపల 'ఓపెన్' కమాండ్ రాసి, చివర 'విత్ అడ్మినిస్ట్రేటర్ ప్రివిలేజెస్' తగిలించాను. పాస్‌వర్డ్ అడుగుతుంది, యాప్ వస్తుంది, యాక్టివిటీ మానిటర్‌లో మాత్రం యూజర్ దగ్గర మామూలు లాగిన్ పేరే ఉంటుంది. టెర్మినల్‌లో, కమాండ్‌ని రూట్‌గా నడిపే సుడోతో బండిల్ (యాప్ ఫోల్డర్) లోపలి ఫైల్‌ని నేరుగా నడిపితే రూట్‌గా వచ్చింది. అదే స్క్రిప్ట్‌లో పెడితే యాప్ మూసేదాకా స్క్రిప్ట్ కదలదు. పైగా ఇప్పుడు యాప్‌ని మామూలుగా తెరిస్తే సెట్టింగ్స్ సేవ్ కావట్లేదు.

కొండాపూర్ అడ్మిన్:
'ఓపెన్' తనంతట తాను యాప్‌ని నడపదండి. యాప్‌లు తెరిచే సిస్టమ్ భాగం లాంచ్ సర్వీసెస్‌కి చెప్పి ఊరుకుంటుంది, అది లాగిన్ అయిన యూజర్ సెషన్‌లో తెరుస్తుంది. రూట్ హక్కు 'ఓపెన్' దగ్గరే ఆగిపోయింది. మీరు రెండోసారి చేసిందే సరైన దారి: బండిల్‌లో కంటెంట్స్, దాని లోపల మ్యాక్‌ఓఎస్ ఫోల్డర్, అందులోని ఫైల్. ఆ ఫైల్ పేరు యాప్ పేరే అవ్వాలని లేదు. బండిల్ వివరాలుండే ఇన్ఫో డాట్ పీలిస్ట్ ఫైల్‌లో 'సీఎఫ్‌బండిల్‌ఎగ్జిక్యూటబుల్' ఎదురుగా ఏముందో అదే రాయండి. ఫైల్ పాత్‌లో స్పేస్ ఉంటే కమాండ్ విరిగిపోతుంది, పాత్‌ని కోట్స్‌లో పెట్టే 'కోటెడ్ ఫామ్ ఆఫ్' వాడండి.

స్క్రిప్ట్ ఆగిపోవడానికి కారణం వేరు. కమాండ్‌ని వెనకాల నడిపే & గుర్తు ఒక్కటే చివర పెడితే చాలదు. అవుట్‌పుట్ పైపు తెరిచి ఉన్నంతసేపూ 'డూ షెల్ స్క్రిప్ట్' ఎదురుచూస్తూనే ఉంటుంది. అవుట్‌పుట్, ఎర్రర్ రెండింటినీ డెవ్ నల్‌కి (వచ్చినదంతా పారేసే చోటు) మళ్లించి, అప్పుడు & పెట్టండి. లోపల మళ్లీ సుడో రాయొద్దు, పాస్‌వర్డ్ టైప్ చేయడానికి అక్కడ టెర్మినల్ ఉండదు.

సికింద్రాబాద్ సపోర్ట్:
సెట్టింగ్స్ సంగతి: మ్యాక్‌లో సుడో మామూలుగా హోమ్‌ని మార్చదు. యాప్ రూట్‌గా నడిచినా ఫైళ్లు మీ లైబ్రరీలోనే రాసింది, ఓనర్ మాత్రం రూట్. ప్రిఫరెన్సెస్, అప్లికేషన్ సపోర్ట్ ఫోల్డర్లలో ఎల్ఎస్ మైనస్ ఎల్ కొట్టి ఓనర్ ఎవరో చూడండి. ఆ యాప్‌కి సంబంధించిన రూట్ ఫైళ్లను మాత్రమే ఓనర్‌ని మార్చే సీహెచ్‌ఓన్‌తో మీ పేరు మీదకి తిప్పండి, లైబ్రరీ మొత్తానికి కొట్టకండి. ఇకపై టెర్మినల్ నుంచి అయితే సుడోకి పెద్ద హెచ్ ఆప్షన్ ఇవ్వండి, హోమ్ రూట్‌దే అవుతుంది.

ఇంకోటి. 'పర్మిషన్ డినైడ్' వస్తే సాధారణంగా ఓనర్, మోడ్ (ఎవరు చదవొచ్చు, రాయొచ్చు అనేది) సమస్య. రూట్‌గా ఉండి కూడా 'ఆపరేషన్ నాట్ పర్మిటెడ్' వస్తే ముందు ప్రైవసీ రక్షణని అనుమానించండి. మొహావీ, అంటే 10.14 నుంచి రూట్‌కి కూడా కొన్ని ఫోల్డర్లు మూసే ఉంటాయి. టెర్మినల్ నుంచి నడిపేటప్పుడు ఫుల్ డిస్క్ యాక్సెస్ టెర్మినల్‌కే ఇవ్వాలి.

కొండాపూర్ అడ్మిన్:
అవును, అది రాయడం మర్చిపోయాను. బండిల్ ఓనర్ కూడా చూసుకోండి. లాగి పడేసిన యాప్ సాధారణంగా లాగిన యూజర్ పేరు మీదే ఉంటుంది. ఆ అకౌంట్‌లో ఎవరైనా లోపలి ఫైల్ మార్చేస్తే, మీ పాస్‌వర్డ్‌తో వాళ్ల ఫైల్ రూట్‌గా నడుస్తుంది. బండిల్ మొత్తాన్ని ఓనర్ రూట్, గ్రూప్ వీల్ (రూట్ ఉండే గ్రూప్) పేరు మీద పెట్టండి.

మియాపూర్ డెవ్:
పైవన్నీ పనిచేస్తాయి, కానీ ల్యాబ్‌కి నేనైతే ఇలా చేయను. కిటికీలు, బటన్లు ఉన్న యాప్ మొత్తాన్ని రూట్‌గా నడపడం అనవసరపు ప్రమాదం. అందులోని ఓపెన్ డైలాగ్ కూడా రూట్‌దే, అక్కడ పొరపాటున ఒక్క క్లిక్ చాలు. తుడిచే భాగాన్ని విడిగా కమాండ్ లైన్ టూల్‌గా చేయించి, లాంచ్ డెమన్‌గా (సిస్టమే వెనకాల రూట్‌గా నడిపేది) పెట్టండి. దాని సెట్టింగ్స్ ఉండే పీలిస్ట్ ఫైల్‌లోని 'స్టార్ట్ క్యాలెండర్ ఇంటర్వెల్'లో గంట 22, నిమిషం 0 ఇస్తే రోజూ రాత్రి 10కి అదే నడుస్తుంది, స్టూడెంట్ల ముందు పాస్‌వర్డ్ కొట్టే పనుండదు. ఆ టైమ్‌కి మెషీన్ నిద్రలో ఉంటే లేచాక నడుస్తుంది, పూర్తిగా ఆఫ్ చేసి ఉంటే ఆ రోజుది పోయినట్టే. ఆ పీలిస్ట్ మెయిన్ లైబ్రరీలోని (యూజర్ లైబ్రరీ కాదు) లాంచ్‌డెమన్స్‌లో ఉండాలి, ఓనర్ రూట్, గ్రూప్ వీల్, మోడ్ 644. డెస్క్‌టాప్ నుంచి కాపీ చేసి ఓనర్ మార్చకపోతే డెమన్లని ఎక్కించే కమాండ్ లాంచ్‌సీటీఎల్ దాన్ని లోడ్ చేయదు. ముందు ఒక్క మెషీన్‌లో, తుడవకుండా జాబితా మాత్రం లాగ్‌లో రాసేలా పెట్టి రెండు రాత్రులు చూడండి.