ఇంట్లో ఆట చికిత్స: పిల్లాడు కొట్టబోతే తల్లి ఏమనాలి?

బడి_కౌన్సెలర్ (ప్రశ్న)
ఐదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలు. కొట్టడం, మొండికేయడం, ఇంట్లో చెల్లో తమ్ముడో పుట్టాక మళ్లీ పక్క తడపడం లాంటి ఇబ్బందులు. పిల్లలే ఆటను నడిపించే పద్ధతిలో వారానికి ఒకసారి అరగంట ఆడించడం తల్లులకు నేర్పిస్తున్నాం. రెండు వారాలు సాఫీగా సాగుతుంది. మూడో వారం నుంచి బొమ్మ తుపాకీ అమ్మ మొహానికి గురిపెట్టడం, ఇసుక చల్లడం మొదలు. తల్లి పది నిమిషాలు బుద్ధులు చెబుతుంది, లేదంటే ఆట ఆపేస్తుంది. హద్దు ఎప్పుడు పెట్టాలి, ఏ మాటల్లో? ఇంట్లో దొరికే వాటితో బొమ్మల పెట్టె ఎలా సర్దాలి?

ఆటగది
మూడో వారంలో రెచ్చిపోతే ఆట చెడిపోయినట్టు కాదండి. ఇక్కడ తిట్టరని అనిపించాక, అది ఎంతవరకు నిజమో పిల్లాడు పరీక్షిస్తాడు. తల్లులకు ఈ సంగతి మొదటి రోజే చెప్పి ఉంచండి.

హద్దులన్నీ ముందే ఏకరువు పెట్టొద్దు. చెప్పినవన్నీ ఒక్కొక్కటే చేసి చూస్తారు. మొదట్లో "ఈ అరగంట నీకు నచ్చినట్టు చాలా రకాలుగా ఆడుకోవచ్చు" అంటే చాలు. "ఏదైనా చెయ్యొచ్చు" అంటే మాత్రం, తర్వాత ఆపినప్పుడు మాట తప్పినట్టే.

హద్దుకి అమెరికాలోని నార్త్ టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఆట చికిత్స ఆచార్యుడు గ్యారీ లాండ్రెత్ నేర్పిన మూడు మెట్లు వాడండి: కోపాన్ని గుర్తించడం, హద్దు చెప్పడం, బదులు చూపించడం. తుపాకీ ఎత్తగానే, కాల్చక ముందే:
"చిన్నా, నా మీద నీకు బాగా కోపంగా ఉంది."
"కానీ మనుషుల్ని కాల్చకూడదు."
"అదిగో, ఆ దిండుని కాల్చొచ్చు." వేలితో దిండు చూపించాలి, పిల్లాడి చూపు అటు మళ్లుతుంది.

మొత్తం పది సెకన్లు దాటకూడదు. గొంతు పెంచొద్దు. వినకపోతే ఇవే మాటలు మళ్లీ, మూడోసారి కూడా. అప్పటికీ వినకపోతే: "మళ్లీ నా వైపు కాలిస్తే, తుపాకీ ఇవాళ్టికి లోపల పెట్టేయాలని నువ్వే ఎంచుకున్నట్టు. దిండుని కాలిస్తే నీ దగ్గరే ఉంటుంది." ఆ తర్వాత అన్నమాట ప్రకారం చేయాలి. పోయేది ఆ ఒక్క బొమ్మే, ఆ ఒక్క రోజే. ఆటనే శిక్షగా రద్దు చేస్తే ఇన్ని వారాల నమ్మకమూ పోతుంది.

మన తల్లులు ఎక్కువగా తప్పేది చివర్లో "సరేనా కన్నా?" అని తగిలించే చోట. హద్దు కాస్తా ప్రశ్న అయిపోతుంది, "ఊహూఁ" అనే హక్కు పిల్లాడికి వస్తుంది. రెండో తప్పు, మొదటి మెట్టు వదిలేయడం. కోపాన్ని గుర్తించకుండా "కాల్చకూడదు" అంటే అది రోజూ వినే తిట్టే.

లక్కపిడత
పెట్టె సంగతి నేను చెబుతాను. బొమ్మల కుటుంబం (అమ్మ, నాన్న, అవ్వ, పసిబిడ్డ), పాలసీసా, లక్కపిడతలు, డాక్టరు సామాను, మొసలి, పులి, ఆవు, రెండు బొమ్మ ఫోన్లు, తాడు, క్రేయాన్లు, చింపడానికి పాత పేపర్లు. కొండపల్లి బొమ్మలు వద్దు, తెల్లపొణికి కర్ర తేలిక, విసిరితే విరుగుతుంది. తుపాకీ అసలుదానిలా కనిపించకూడదు. తీసేసినా లాభం లేదు, పుల్లతో చేసుకుంటారు.

బొమ్మలు చేసుకునే పిండిముద్దకి మైదా 2 కప్పులు, ఉప్పు 1 కప్పు, నూనె 1 పెద్ద చెంచా, నీళ్లు ముప్పావు కప్పు నుంచి కొద్దికొద్దిగా. ఉప్పు తేమ లాగుతుంది కాబట్టి కోస్తాలో వానాకాలం జిగురవుతుంది, పొడి మైదా అద్దాలి. మింగనివ్వొద్దు.

ఇసుకకి సుమారు 70 సెం.మీ. పొడవు, 50 వెడల్పు, 7 లోతు తొట్టి, లోపల నీలం రంగు. ఇసుక పక్కకి తోస్తే అడుగున నీళ్లలా కనిపించాలి. సగం వరకే నింపండి. జల్లెడ పట్టి, కడిగి, ఎండబెట్టిన ఇసుకే వాడాలి. బదులుగా బియ్యం పోయొద్దు. నేల మీద పడగానే ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోరు, ఆట మధ్యలో తిట్లు పడతాయి.

బడి_కౌన్సెలర్
ధన్యవాదాలండీ. ఆడుతున్నంతసేపూ తల్లి ఏం మాట్లాడాలి? చాలామంది రంగులు, లెక్కలు అడుగుతున్నారు.

ఆటగది
ప్రశ్నలు, పాఠాలు, "వెరీ గుడ్" మూడూ వద్దు. మెచ్చుకోలు మొదలైతే పిల్లాడు అమ్మ మొహం చూసి ఆడతాడు. చూసింది చెబితే చాలు: "అది అందర్నీ మింగేస్తోంది. ఈ చిన్నదానికి భయంగా ఉంది." పిల్లాడు పేరు పెట్టేదాకా "అది" అనే అనండి, మీకు మొసలిలా కనిపించింది వాడికి బస్సు కావచ్చు. తల్లి ఫోను వేరే గదిలో ఉండాలి. 5 నిమిషాలు ఉందనగా ఒకసారి, 1 నిమిషం ఉందనగా ఇంకోసారి చెప్పి, టైముకి లేవాలి.

పిల్లల_మనసు
ఒక్కటి కలుపుతాను. తనని తాను గాయపరచుకోవడం, వయసుకు మించిన లైంగిక ఆట, ప్రమాదమో దెబ్బలో జరిగాక అదే దృశ్యాన్ని ఊరట లేకుండా వారాల తరబడి ఆడటం కనిపిస్తే తల్లి చేతిలో వదలొద్దు. క్లినికల్ సైకాలజిస్టు అయితే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) నమోదు ఉందో లేదో అడగండి, బోర్డు మీద "ప్లే థెరపిస్ట్" అని ఉంటే సరిపోదు. వెంటనే ఎవరూ దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి తెలుగులోనే మాట్లాడొచ్చు. ఎవరైనా హింసిస్తున్నారన్న అనుమానం ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను చేయండి, ఆ సంగతి పిల్లాడిని ఆటలో గుచ్చి గుచ్చి అడగకండి.