అపార్ట్‌మెంట్‌లో రబ్బరు పాములను నిషేధించాలా? (కోతుల కోసం పెట్టినవి కూడా)

నిజాంపేట్_బి_బ్లాక్
మా అసోసియేషన్ మీటింగ్‌కి ఒక తీర్మానం వస్తోంది. కాంపౌండ్‌లో రబ్బరు పాములు, తేళ్లతో ప్రాంక్‌లు చేస్తే 2,000 జరిమానా. టెర్రస్ మీద కోతుల కోసం పెట్టిన బొమ్మ పాములు కూడా తీసేయాలి. మొదటి దాని మీద పెద్ద గొడవ లేదు గానీ రెండో దానికి సగం మంది ఒప్పుకోవట్లేదు. విషయం తెలిసినవాళ్లు ఏది పనిచేస్తుందో, ఏది ఎందుకు చేయదో చెప్పండి. తిట్టుకోవడానికి మాకు వాట్సాప్ గ్రూపు ఉంది.

దారం_లాగేవాడు
నిషేధం దేనికండీ? ప్రమాదం పాములో లేదు, పెట్టే చోటులో ఉంది. వీడియోలు తీసేవాళ్లు వాడేది మూడున్నర, నాలుగు అడుగుల మెత్తటి రబ్బరు పాము. మెడ దగ్గర సన్న ఫిషింగ్ లైన్ కడతారు, లాగే మనిషి పదిహేను, ఇరవై అడుగుల అవతల ఉంటాడు. టైల్స్ మీద లాగితే వంకరలన్నీ సాగిపోయి తాడులా వస్తుంది, చిన్నపిల్లలు కూడా నమ్మరు. గడ్డి, ఎండుటాకుల మీద అయితే ఒళ్లు సగమే కనిపిస్తుంది, మిగతా పని ఆకుల చప్పుడు చేసి పెడుతుంది. మసక వెలుతురు, కంటి చివర్లో కదలిక, అంతే. చదును నేల మీద, వెనక మెట్లూ రోడ్డూ లేనిచోట, తెలిసిన కుర్రాళ్ల మీద చేసి ఐదు సెకన్లలో చెప్పేస్తే ఎవరికి నష్టం? మెట్ల మీద, బండి మీద వచ్చేవాళ్ల ముందు లాగేవాడికి అసలు ప్రాంక్ చేయడం రాదు.

జెర్రిపోతు_పక్షం
ఐదు సెకన్లలో చెప్పేసే ప్రాంక్‌తో నాకు పేచీ లేదు అన్నా. చెప్పకుండా వదిలేసిన బొమ్మతోనే తంటా. సెల్లార్‌లో, షూ రాక్ కింద, మీటర్ల గదిలో వారం రోజులు పడి ఉంటుంది. వాచ్‌మన్ దాన్ని రెండుసార్లు కాలితో తన్ని పక్కకు నెడతాడు. మూడోసారి అక్కడున్నది బొమ్మేనని గ్యారంటీ ఏంటి?

ఇది ఊరికే అనట్లేదు. మన దగ్గర ఉన్న పాముల్లో అచ్చం బొమ్మలా కనిపించేది కట్లపాము. నల్లగా, కొత్త ప్లాస్టిక్‌లా నిగనిగలాడుతుంది, ఒంటి మీద సన్న తెల్ల పట్టీలు. రాత్రి తిరిగే పాము కాబట్టి పగలు చుట్ట చుట్టుకుని, తల ఒంటి కింద దాచుకుని పడి ఉంటుంది, చీపురు తగిలినా చాలాసార్లు కదలదు. ఆ కదలకపోవడం చూసే "ఎవడో బొమ్మ పడేశాడు" అనుకుంటారు. నాగుపాము అయితే పడగ ఎత్తుతుంది, రక్తపింజర కుక్కర్ విజిల్‌లా బుసకొడుతుంది. కట్లపాము హెచ్చరించకుండానే కరుస్తుంది, కాటు దగ్గర నొప్పి, వాపు కూడా పెద్దగా ఉండవు.

మియాపూర్_మిడిల్‌బెంచ్
మరి బొమ్మో నిజమో దూరం నుంచే చెప్పే గుర్తులు ఉండవా? అవి నేర్పిస్తే సరిపోదా?

జెర్రిపోతు_పక్షం
ఉన్నాయి. అచ్చులో పోసిన బొమ్మకి పక్క వెంబడి తల నుంచి తోక దాకా జాయింటు గీత ఉంటుంది. అసలు పాముకి కడుపు కింద అడ్డంగా వెడల్పాటి పొలుసులు ఒకే వరసలో ఉంటాయి, చవక బొమ్మకి కడుపంతా నున్నగానో, పైన ఉన్న చుక్కలతోనో ఉంటుంది. నోరు తెరిచి నాలుక బయటపెట్టి అలాగే ఉండిపోయిందంటే బొమ్మే, పాము నోరు మూసుకునే పెదవి సందులోంచి నాలుక ఆడిస్తుంది. కదిలేటప్పుడు తల వెళ్లిన వంకర దారిలోనే ఒళ్లంతా వస్తుంది. దారం కట్టిన బొమ్మ వంకరలు కోసుకుంటూ నేరుగా వచ్చేస్తుంది.

కానీ చూడండి, కడుపు పొలుసులూ జాయింటు గీతా కనపడాలంటే వంగి దగ్గరికి వెళ్లాలి. చుట్ట చుట్టుకుని ఉంటే అవేవీ కనపడవు. అందుకే ఈ గుర్తులు ఫోటో జూమ్ చేసి చూడటానికే. ఇంకో చిక్కు ఉంది. ఇళ్లలో బల్లుల కోసం తిరిగే వుల్ఫ్ స్నేక్‌కి విషం లేదు, దానికీ పట్టీలే. పట్టీలు మెడ దగ్గర స్పష్టంగా మొదలై తోక వైపు మాసిపోతే చాలావరకు వుల్ఫ్ స్నేక్. మెడ దగ్గర లేకుండా వెనక్కి వెళ్లేకొద్దీ తేటగా ఉంటే కట్లపాము. గోడ ఎక్కుతోందంటే వుల్ఫ్ స్నేక్ కావచ్చు. ఈ "కావచ్చు" మీద ఆధారపడి చెయ్యి పెట్టకండి.

నైట్‌డ్యూటీ_నర్స్
ప్రాంక్ వైపు మాట్లాడే తమ్ముళ్లకు ఒక మాట. క్యాజువాలిటీకి వచ్చేది బొమ్మ చూసి భయపడినవాళ్లు కాదు, భయపడి పరిగెత్తి పడినవాళ్లు. తడి మెట్లు, చేతిలో గ్యాస్ సిలిండరో నీళ్ల బకెట్టో, అరవై దాటిన వయసు. మణికట్టు, తుంటి ఎముక విరుగుతాయి. గుండె జబ్బు, గర్భం ఉన్నవాళ్ల సంగతి ప్రాంక్ చేసేవాడికి ఎలా తెలుస్తుంది?

"కరిచింది" అని వచ్చినవాళ్లలో విషం లేని పాము కాటే అయినా చెమటలు, గుండె దడ, తిమ్మిర్లు ఉంటాయి. భయానికే అవన్నీ వస్తాయి. అది భయమా విషమా అన్నది ఇంట్లో తేల్చే పని కాదు. ఆసుపత్రిలో 2 మి.లీ. రక్తం శుభ్రమైన పొడి గాజు ట్యూబులో తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, గడ్డ కట్టిందో లేదో చూస్తారు. కట్టకపోతే పింజర విషం అనుమానం. కట్లపాము విషం నరాల మీద పనిచేస్తుంది కాబట్టి ఈ పరీక్షలో దొరకదు, కనురెప్పలు వాలుతున్నాయా, మింగడం కష్టంగా ఉందా అని గంటల తరబడి చూడాల్సిందే. ఉస్మానియా, గాంధీ లాంటి పెద్దాసుపత్రికి తిన్నగా వెళ్లండి. తాడు బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచితే చాలు.

టెర్రస్_తోటమాలి
అన్నా, అక్కా, అందరూ ప్రాంక్ దగ్గరే ఆగిపోయారు. మా లొల్లి కోతులది. బొమ్మ పాము తీసేస్తే జామచెట్టు ఎవరు కాపాడతరు?

గచ్చిబౌలి_ప్రైమేట్
మీ జామచెట్టుని బొమ్మ పాము కూడా ఎక్కువ రోజులు కాపాడదు గానీ, పూర్తిగా దండగ కూడా కాదు. కోతికి పాము భయం పుట్టుకతో సిద్ధంగా వచ్చేయదు. 1980ల్లో అమెరికాలో సుసాన్ మినెకా, మైకేల్ కుక్ రీసస్ కోతుల మీద చేసిన ప్రయోగాలు ఉన్నాయి. ల్యాబులో పెరిగినవి పాముని చూసి బెదరలేదు. బెదిరే కోతుల వీడియో చూపించాక బొమ్మ పామన్నా, బొమ్మ మొసలన్నా భయం నేర్చుకున్నాయి. అదే బెదురు పూలను, బొమ్మ కుందేలును చూసి పుట్టినట్టు వీడియో మార్చి చూపిస్తే నేర్చుకోలేదు. అంటే గుంపులో మొదట చూసినది ఏం చేసిందన్నదే ముఖ్యం. మొదటిది అరిచి వెనక్కి తగ్గితే మీకు కొన్నాళ్లు లాభం. అదే పెద్ద మగకోతి వచ్చి తోక పట్టుకుని లాగి చూసిందా, ఆ రోజుతో మీ పాము పని సరి.

పెట్టేవాళ్లు చేసే తప్పులన్నీ దాదాపు ఒకటే. పిట్టగోడ మీద నిటారుగా, పూర్తిగా కనపడేలా పెడతారు, నెలల తరబడి కదపరు. కుండీ వెనకనో, పైపు పక్కనో సగం ఒళ్లే కనపడాలి, తల నీడలో ఉండాలి. రెండు రోజులకోసారి చోటు మార్చాలి, కోతులు రాని రోజుల్లో తీసి లోపల పెట్టాలి. మన మే నెల ఎండకి చవక ప్లాస్టిక్ తెల్లబడి, బిరుసెక్కి, పగుళ్లిస్తుంది, అప్పుడది కోతికి కూడా గొట్టమే. చెత్త డబ్బాకి మూత లేకుండా, కింద ఎవరో అరటిపళ్లు పెడుతూ ఉంటే ఎన్ని పాములు పెట్టినా దండగ. పావురాలకైతే అసలు వద్దు, వారంలో దాని పక్కనే గూడు కడతాయి. నెట్ కట్టించుకోండి.

దారం_లాగేవాడు
అంటే కోతికి పెట్టొచ్చు, మనిషికి పెట్టకూడదా? కోతి కోసం పెట్టిందాన్ని చూసి ట్యాంకు కడిగేవాడు జారిపడితే?

గచ్చిబౌలి_ప్రైమేట్
సరైన ప్రశ్నే బ్రదర్. ట్యాంకు నిచ్చెన, మెట్లు, డిష్ దగ్గర పెట్టకూడదు. టెర్రస్ తలుపు లోపలివైపు "బొమ్మ పాములు 3, ఈశాన్యం మూల" అని రాసి పెట్టాలి, చోటు మార్చినప్పుడల్లా దిద్దాలి. రాసిన లెక్క కంటే ఒకటి ఎక్కువ కనపడితే అది బొమ్మ కాదనే అనుకోవాలి.

జెర్రిపోతు_పక్షం
ఈ లెక్క బాగుంది. దీనికి నేను ఒప్పుకుంటా.

కోర్టుపక్షి
జరిమానా సంగతి. అసోసియేషన్ 2,000 వసూలు చేయాలంటే బైలాలో ఉండాలి, లేకపోతే కట్టనంటే చేసేదేం లేదు. అసలు దెబ్బ తగిలితే భారతీయ న్యాయ సంహితలో (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 125వ సెక్షన్ ఉంది. ఇతరుల ప్రాణానికో భద్రతకో ముప్పు వచ్చేలా దుడుకుగా, నిర్లక్ష్యంగా ప్రవర్తిస్తే 3 నెలల దాకా జైలు, గాయమైతే 6 నెలలు, తీవ్ర గాయమైతే 3 ఏళ్ల దాకా. ఎముక విరగడం తీవ్ర గాయం కిందికే వస్తుంది. బొమ్మకు బదులు నిజం పాముని, "విషం లేనిదేగా" అని జెర్రిపోతునో రెండు తలల పామునో తెచ్చి ఆడిస్తే అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వెళ్తుంది, అక్కడ సరదా అన్న మాట చెల్లదు.

నిజాంపేట్_బి_బ్లాక్
అందరికీ థ్యాంక్స్. తీర్మానం ఇలా మారుస్తున్నాం: మెట్లు, లిఫ్ట్, సెల్లార్, పార్కింగ్‌లో ఏ బొమ్మ జంతువూ పెట్టకూడదు, చేసిన ప్రాంక్ అక్కడికక్కడే చెప్పి బొమ్మ తీసుకెళ్లాలి. టెర్రస్ మీద మూడు దాటకూడదు, తలుపు మీద లెక్క రాయాలి. కదలని పాము ఎక్కడ కనపడినా నిజమనే లెక్క, వాచ్‌మన్ తాకకూడదు, పది పదిహేను అడుగుల దూరంలో నిలబడి అది ఎటు పోతుందో చూస్తూ పాములు పట్టి తీసుకెళ్లే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకి ఫోన్ చేయాలి, ఫోటో పంపాలి. ఇంకేమైనా వదిలేశామా?

జెర్రిపోతు_పక్షం
ఫిషింగ్ లైన్ కూడా రాయండి. బొమ్మ తీసుకెళ్లి దారం పొదలో వదిలేస్తారు. మాంజాలాగే పిట్టల కాళ్లకి చుట్టుకుంటుంది.